ఆరు నలభైలు

ఫీజు కౌంటరు మహారాణికి,

మీ చెల్లీ, పసిపాపా కులాసా అని ఫోన్లో చెప్పావు. ఇక్కడ నేనూ కులాసాయే. నీతో ఫోన్లో అయితే నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను. ఊఁ కొడుతూ కొడుతూ దేనికి ఒప్పుకుంటున్నానో నాకే తెలియదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

నువ్వు చదువుతానంటున్న ఆ విద్యా పరిపాలన డిగ్రీ సంగతి ఆలోచించాను. బడి ఆఫీసు ఎలా నడపాలో నేర్పే చదువట. పదకొండేళ్ళుగా మన బడి ఆఫీసులో నువ్వు చేస్తున్నది మరేమిటి, వంటా? సరే, లెక్కకొద్దాం. ఫీజు నలభై వేలు. సెమిస్టర్లు ఆరు. ఆరు నలభైలు రెండు లక్షల నలభై వేలు. చదువయ్యాక ఆఫీసరు ఉద్యోగం దొరికితే నెలకి ఇప్పటికంటే అయిదు వేలు ఎక్కువ, ఏడాదికి అరవై వేలు. పెట్టింది తిరిగి రావడానికే నాలుగేళ్ళు. నీకిప్పుడు ముప్ఫై ఎనిమిది. మూడేళ్ళు చదివి, నాలుగేళ్ళు పనిచేస్తే నలభై అయిదు. అప్పటికి నేను నడిపే బడి బస్సు పాత ఇనుము కొట్టుకి చేరిపోయి ఉంటుంది. పైగా క్లాసులు ఆదివారాలట. వారానికొక్క రోజు తీరిగ్గా నా మొహం చూసేదానివి, అదీ పోయింది.

ఇంకో మాట. నీ బుర్రలో ఈ పురుగు దూర్చింది ఆ కళ్ళజోడే అని నాకు తెలుసు. నిన్న డీజిల్ చీటీ మీద సంతకం కోసం అతని గదికి వెళ్ళాను. కొత్తగా వచ్చిన ఆఫీసరు కదా, సంతకం కూడా నిదానంగా పెడతాడు. పెడుతూ, "మీ మేడమ్ తెలివికి ఆ కౌంటర్లో కూర్చోవలసిన మనిషి కాదండీ" అన్నాడు. నా పెళ్ళాం తెలివి నాకు ఇతను చెప్పాలా? నిండా ముప్ఫై ఏళ్ళు లేవు. ఘనకార్యమల్లా ఆ డిగ్రీయే. "అవునండీ" అని నవ్వి వచ్చేశాను. సాయంత్రం అదే మాట నెమరేస్తూ రెండు స్టాపులు దాటించేశాను. పిల్లలు గోల పెడితే గాని బ్రేకు మీద కాలు పడలేదు.

కాబట్టి ఈ డిగ్రీ మనకి గిట్టుబాటు కాదు. పాపని జాగ్రత్తగా ఎత్తుకో, నీ నడుము అసలే మంచిది కాదు.

లెక్కల్లో నీ అంతవాణ్ణి కాకపోయినా నీవాణ్ణే,
బావ

*

నీకు,

ఉత్తరం అంది వారమైంది. ఫోన్లో పాప పాలు తాగింది, పాప తుమ్మింది అంటావు తప్ప డిగ్రీ మాట ఎత్తవు. నువ్వు తిడితే నాకు భయం లేదు. ఊరుకుంటేనే భయం. అందుకని నిజం రాస్తున్నాను.

ఆ లెక్క తప్పు. నలభై వేలు సెమిస్టరుకి కాదు, ఏడాదికి. మా బస్సువాళ్ళకి పోవడం ఒక ట్రిప్పు, రావడం ఇంకో ట్రిప్పు. ఒకే దారికి రెండు రాసుకోవడం చేతికి అలవాటైపోయింది. ఆ అలవాటులో ఏడాదిని కూడా రెండు చేసి గుణించాను. అసలైతే మూడు నలభైలు, లక్షా ఇరవై వేలు. రెండేళ్ళలో తిరిగొచ్చేస్తుంది. కవరు అంటించక ముందే ఈ సంగతి తట్టింది. దిద్దలేదు. నాకు ఆరు నలభైలే నచ్చాయి.

కుళ్ళు. ఇంకో మాట వెతికాను, దొరకలేదు. మొదట కళ్ళజోడు మీద అనుకున్నాను. అతని మీదా ఉంది, కాదనను. కానీ అసలు కుళ్ళు నీ మీద. నువ్వు ఇంటర్ పాసైనప్పుడు మా అమ్మ ఇంటింటికీ వెళ్ళి "మా మేనకోడలు" అని చెప్పుకొచ్చింది. అంతకు నాలుగేళ్ళ ముందు నేను పదో తరగతి తప్పితే, అదే అమ్మ నెలరోజులు గడప దాటలేదు. అప్పట్నుంచీ నీ పక్కన నిలబడితే ఒక మెట్టు కిందే ఉన్నట్టుంటుంది నాకు. ఇప్పుడు నువ్వు ఆఫీసరువైతే నా డీజిల్ చీటీ నీ దగ్గరకే వస్తుంది. గుమ్మం బయట నిలబడి "లోపలికి రావచ్చా మేడమ్" అనాలి. వేళాకోళానికైతే రోజుకి పదిసార్లు అంటాను. నిజంగా అనవలసి వస్తే నోరు పెగలదు.

ఇంకా ఉంది. నీ పేర కాలేజీ నుంచి దరఖాస్తు ఫారం వచ్చింది. దాన్ని బస్సులో మందుల పెట్టెలో, దూది కింద దాచాను. నిన్న ఒక పిల్ల మోకాలు గీరుకుంటే కట్టు కడదామని పెట్టె తెరిచాను. దూది తియ్యగానే నీ పేరు. "ఏంటి మామా అది?" అంది. "మందు" అన్నాను. ఆ పిల్ల నమ్మేసింది. నాకు సిగ్గేసింది.

చివరి తేదీ శనివారం. నేనే వెళ్ళి ఇచ్చి రానా? తిట్టు, కానీ జవాబు రాయి.

కుళ్ళుమోతు,
బావ

*

బావా,

రెండు ఉత్తరాలూ అందాయి. పదకొండేళ్ళు ఫీజులు వసూలు చేసినదాన్ని, ఏడాది ఫీజేదో సెమిస్టరు ఫీజేదో తెలియదనుకున్నావా? చదవగానే పట్టుకున్నాను. పొరపాటున రాశావో కావాలని రాశావో, అదే తేలలేదు. అందుకే ఊరుకున్నాను.

నువ్వు శనివారం ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. అది ఎప్పుడో అడిగిన ఫారం, ఆలస్యంగా వచ్చింది. నేను ఇక్కడికి బయల్దేరే ముందు రోజే కాలేజీకి వెళ్ళి చేరిపోయాను, మొదటి ఏడాది డబ్బూ కట్టేశాను. నీకు చెప్పలేదు. నీ మొహం ఎలా మారుతుందో చూడలేక చెప్పలేదు. నువ్వు దూది కింద దాచావు, నేను నోట్లో దాచాను. నువ్వు వద్దన్నా చదివేదాన్నే. కానీ ఈ రెండో ఉత్తరం రాకపోయి ఉంటే, ఇంటికొచ్చి నీతో మునుపటిలా ఉండగలిగేదాన్ని కాదు.

నీ లెక్కలో ఇంకో తప్పుంది. మన బడిలో ఆఫీసరు కుర్చీ ఒక్కటే. అందులో కళ్ళజోడు ఉన్నాడు, ఇప్పట్లో లేవడు. వేరే బడిలో దొరకాలి. దొరక్కపోతే నువ్వు రాసిన అయిదు వేలు సున్నా, లక్షా ఇరవై వేలూ పోయినట్టే. అది తెలిసే కట్టాను.

నా కౌంటరు నువ్వెప్పుడైనా బయట నుంచి చూశావా? చెయ్యి దూరేంత కంత. అవతలివాళ్ళకి నా చేతులే కనబడతాయి. నేను ఇక్కడికి వచ్చే ముందు ఓ రోజు బజారులో, ఆరేళ్ళుగా నా దగ్గర ఫీజు కడుతున్నావిడ నన్ను తోసుకుంటూ వెళ్ళబోయింది. అంతలో నా వేలి ఉంగరం చూసి ఆగింది. "అయ్యో, మీరా అండీ" అంది. నాకో బల్ల, దాని అవతల ఒక కుర్చీ, అందులో కూర్చుని నా మొహం చూసి మాట్లాడే మనిషి కావాలి. అయిదు వేలు వస్తే మంచిదే, రాకపోయినా సరే.

కుళ్ళు నీ ఒక్కడికే ఉందనుకోకు. సాయంత్రం బడి వదిలాక నా గది వెనక కిటికీలోంచి నీ బస్సు కనబడుతుంది. పిల్లలంతా "మామా, మామా" అంటూ నీ మీద పడతారు. ఎవరి పన్ను ఊడినా, ఎవరింట్లో కుక్క ఈనినా అమ్మకంటే ముందు నీకే చెబుతారు. ఆ వేళకి నేను రోజూ కిటికీ మూసేస్తాను. ఎండ కళ్ళలో పడుతోందని నీతో చెప్పాను. ఆ కిటికీకి ఎండ రాదు బావా.

నీ మరదలు