మాటల్లేని వేషం

కేప్‌టౌన్
మార్చి 1997

ప్రియమైన అలీడా,

నువ్వు పంపిన ఆప్రికాట్ జామ్ సీసా పగలకుండా చేరింది. యూరీ మూత ఎంత గట్టిగా బిగించాడంటే, తీయడానికి పక్కింటివాళ్లను పిలవాల్సొచ్చింది. మీ ఆయనకు చెప్పు, నేను గొర్రెల కాపరిని కాను, నటుణ్ణి.

ఈ ఏడు నేను పెద్ద వేషాలేవీ కట్టడం లేదు. దర్శకత్వం చేస్తున్నాను. మిగతా సమయమంతా బెల్జియం నుంచి వచ్చిన ఒక నాటకాన్ని మన ఆఫ్రికాన్స్ భాషలోకి తెస్తున్నాను. సముద్రం ఒడ్డున ఉప్పుమడుల్లో పనిచేసే కుటుంబం కథ. కూతురు పట్నం పోతానంటుంది. మూడో అంకంలో ముసలి తండ్రి ఆమెను సాగనంపుతూ పేజీ పొడవునా మాట్లాడతాడు. వాళ్ల భాష మన భాషకు చుట్టమే కాబట్టి పని తేలికనుకుంటారు అందరూ. కష్టమంతా ఆ చుట్టరికంలోనే ఉంది. మాట అదే, బరువు వేరు.

రాతప్రతి పంపుతున్నాను. ఒకే లారీలో ఊరూరా తిరిగి నాటకాలాడిన రోజుల నుంచీ నా పలుకులో తప్పు పట్టే హక్కు నీ ఒక్కదానికే ఉంది. ముసలాయన మాటలు పైకి చదివి ఎలా ఉన్నాయో రాయి. ఫోన్ మాత్రం చెయ్యకు. మా వీధి తవ్వుతున్నారు, లైను గరగరమంటోంది.

యూరీకి నా నమస్కారం చెప్పు.
నీ ఎబెన్

*

ఫ్రేజర్‌బర్గ్ దగ్గర, మా పొలం
మే 1997

ప్రియమైన ఎబెన్,

రాతప్రతి చదివాను. మొదట వంటింట్లో, తర్వాత గాలిమర దగ్గర గొర్రెలకు వినిపించాను. యూరీ అటుగా వచ్చి, "ఏమే, వాటిని అమ్ముతున్నామని చెప్తున్నావా ఏంటి, అలా బిక్కచచ్చి నిలబడ్డాయి?" అన్నాడు. అంటే బాగున్నట్టే. "తలుపు వెయ్యకు తల్లీ, గాలి వస్తే రానీ, నువ్వు వెళ్లిన వైపు నుంచే కదా వచ్చేది" అన్న చోట నేనే ఆగిపోయాను. అంతకుముందున్న "ఎడబాటు" అనే మాట మాత్రం కొట్టేయి. ఉప్పు మోసేవాడి నోట అది కృతకంగా ఉంది.

ఇక నా ఫిర్యాదులు. రేడియో నాటకంలో నీ డాక్టర్ వేషం ఏమైంది? ఉన్నట్టుండి ఆయన్ని యూరప్ పంపేశారు. కొట్టుకు వెళ్తే చాలు, ఊరంతా నన్నే పట్టుకుంటోంది. డావిట్ తాత అయితే, "ఇక్కడ ఆ పిల్ల కాన్పుకు సిద్ధంగా ఉంటే ఈయన షికారుకు పోవడమేంటమ్మా, నీ స్నేహితుడికి బుద్ధి లేదా?" అని నన్ను తిట్టాడు.

రెండోది నవ్వుతూ రాయలేను. నీ పుట్టినరోజున ఫోన్ చేశాను. ఎవరో ఎత్తారు. "ఏమయ్యా ముసలి హీరో, బతికే ఉన్నావా?" అన్నాను. అవతల ఊపిరి వినిపించింది. తర్వాత పెట్టేశారు. లైను బాగానే ఉంది, ఎబెన్. గరగర ఏమీ లేదు. అది నువ్వేనా? నా గొంతు గుర్తుపట్టీ పెట్టేశావా? అలాగైతే ఎందుకో చెప్పు. నేనేమన్నా అన్నానా?

అలీడా

*

కేప్‌టౌన్
జూన్ 1997

ప్రియమైన అలీడా,

నువ్వు నన్నేమీ అనలేదు. ఎప్పుడూ అనలేదు. ఫోన్ సంగతి మర్చిపో.

ఎడబాటు కొట్టేశాను. ఆ మాట పోయాక ఆ పేజీకి ఊపిరాడింది.

ఆగస్టులో మా బృందం మీ కరూ మెట్ట ప్రాంతపు ఊళ్లకు బయల్దేరుతోంది. మీ చర్చి హాలు ఇస్తామని పాస్టర్ గారు రాశారు. ముసలి తండ్రి వేషం నేనే కడుతున్నాను. వేరేవాణ్ణి వెతికాను గానీ దొరకలేదు. మాలో ఇద్దరికి మీ ఇంట్లో పడకలు కావాలి. యూరీని ఒక గొర్రెను త్యాగం చెయ్యమను.

నీ ఎబెన్

*

మా పొలం
ఆగస్టు 1997

ఎబెన్,

"ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఉత్తరం చివరికొచ్చేసరికి వస్తుందేమో చూద్దాం.

మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని నా గుమ్మంలో దిగావు. కౌగిలించుకున్నావు, నవ్వావు. ఒక్క మాట లేదు. నీ వెంట వచ్చిన సలోమీ, కూతురి వేషం కట్టే అమ్మాయి, "నాటకం ఉన్న రోజు సార్ మౌనంగా ఉంటారండీ" అంది. నేను కోపం దిగమింగి మాంసం వడ్డించాను. ఇన్నేళ్ల తర్వాత నా బల్ల దగ్గర కూర్చుని మౌనవ్రతమా అని లోపల మండిపోయాను. యూరీ పాపం వర్షం గురించి నీకు చెప్పీ చెప్పీ, జవాబు లేక, చివరికి కుక్కతో మాట్లాడుకున్నాడు.

మొదటి రెండు అంకాల్లో ముసలాయనకు రాతప్రతిలోనే మాటలు లేవు. హాల్లో మూడో అంకం వచ్చింది. ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. నా పెదవులు కదులుతూనే ఉన్నాయి. సలోమీ సంచి పట్టుకుని, "నాన్నా, వెళ్లనా?" అంది. నువ్వు నోరు తెరవలేదు. లేచి వెళ్లి, నేల మీద కూర్చుని, ఆ పిల్ల చెప్పులు విప్పావు. ఉప్పుకు పగిలిన పాదాలకు దీపం పక్కనున్న నూనె రాశావు. ఒక్కొక్క వేలూ తుడిచావు. మళ్లీ చెప్పులు తొడిగావు. లేచి తలుపు బార్లా తెరిచి పక్కకు తప్పుకున్నావు.

నాటకం అయిపోయింది. బయటికొచ్చాక డావిట్ తాత కళ్లు తుడుచుకుంటూ, "టికెట్ కొని వస్తే ఆ మనిషి ఒక్క ముక్క మాట్లాడలేదు. అయినా నన్ను ఏడిపించాడు, దొంగ" అన్నాడు. ఎంత గొప్ప నటన అని అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం గోడకు ఆనుకుని నిలబడిపోయాను. ఆ పేజీ కోసం నువ్వు నెలల తరబడి కష్టపడ్డావు. నోటితో పలికే వీలుంటే దాన్ని వదిలేసే మనిషివి కావు.

నీ గొంతు పోయింది కదూ? ఊరందరితో పాటు నేనూ హాల్లో కూర్చుని తెలుసుకోవాలా? తెల్లవారుతూనే లారీ ఎక్కి వెళ్లిపోయావు, అడిగే అవకాశం కూడా ఇవ్వకుండా.

ప్రియమైన ఎబెన్, నిజం రాయి.

అలీడా

*

కేప్‌టౌన్
సెప్టెంబర్ 1997

ప్రియమైన అలీడా,

నిజం ఇది. జనవరిలో ఆపరేషన్ చేసి నా స్వరపేటిక తీసేశారు. కాన్సర్. మిగిలిన దేహం శుభ్రంగా ఉందంటున్నారు డాక్టర్లు. మెడకు అడుగున చిన్న రంధ్రం ఉంది, ఊపిరి అందులోంచే. గొంతుకు ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారు. ఒకసారి వాడాను. దాని మోత యూరీ ఉన్ని కత్తిరించే మిషన్ ప్రార్థన చేస్తున్నట్టుంది. సొరుగులో పెట్టేశాను.

ఫోన్ ఎత్తింది నేనే. పెట్టేసింది కూడా నేనే. నీ మాట వినగానే జవాబు నోటిదాకా వచ్చింది. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. నాటకశాలలో అందరికీ తెలుసు. నా ముందు మెల్లగా, పసివాడితో మాట్లాడినట్టు మాట్లాడతారు. నీ ఉత్తరాల్లో మాత్రం నేనింకా కేకలేసే మనిషినే. నువ్వు తిడుతున్నావంటే అవతలివాడు తిరిగి తిట్టగలడనేగా. అది పోగొట్టుకోవడం ఇష్టంలేకపోయింది. నిన్ను బాధపెట్టానని మీ గుమ్మంలో నీ ముఖం చూశాకే తెలిసింది.

తండ్రి వేషానికి ముగ్గురు నటులను చూశాను. ముగ్గురూ ఆ పేజీని అందంగా పలికారు. ఆ అందమే నాకు నచ్చలేదు. చివరికి మాటలన్నీ తీసేసి ఆ వేషం నేనే కట్టాను. జనానికి నచ్చింది, నిజమే. కానీ ఆ వాక్యాలు నన్ను వదలడం లేదు. అవి ఎవరో ఒకరి నోట పడాలి.

అందుకే మళ్లీ రాశాను. ముసలాయనకు భార్యను పెట్టాను. ఆ మాటలు ఆమెవి. ఏప్రిల్‌లో ఇక్కడ పెద్ద రంగస్థలం మీద ఆడుతున్నాం. నువ్వు రావాలి. చూడ్డానికి కాదు, ఆ వేషం కట్టడానికి. స్టేజీ వదిలి ఇన్నేళ్లయిందని రాయకు, నాకు తెలుసు.

ఎబెన్

*

మా పొలం
అక్టోబర్ 1997

ప్రియమైన ఎబెన్,

నీ ఉత్తరం చదివి గాలిమర దగ్గరికి పోయి కాసేపు ఏడ్చాను. తర్వాత లోపలికొచ్చి నిన్ను గట్టిగా తిట్టాను. యూరీ సాక్షి. ఇకముందు కూడా తిడతాను. జవాబు కాగితం మీద రాసి నా ముఖాన కొట్టు. నీ ముందు మెల్లగా మాట్లాడటం నావల్ల కాదు.

వేషం సంగతి వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. నిన్న పొయ్యి దగ్గర చెప్పేశాను. యూరీ కాఫీలో రస్కు ముంచి అలాగే పట్టుకున్నాడు, అది మెత్తబడి కప్పులో పడిపోయింది. "వెళ్లాలనుందా?" అన్నాడు. "భయంగా ఉంది" అన్నాను. "అది కాదే నేనడిగింది" అన్నాడు. ఉందని చెప్పాను. "మరి నన్నేం అడుగుతావు, పెట్టె అటక మీద ఉంది, దింపుతా" అన్నాడు.

కాబట్టి వస్తున్నాను. అయితే ఒక్క షరతు. ఆ అంకంలో ముసలాయన కుర్చీలోంచి కదలకూడదు. అందులో నువ్వే కూర్చోవాలి, ఇంకెవరూ కాదు. నేను ఆ మాటలు కూతురికి చెప్తాను గానీ నిన్నే చూస్తూ చెప్తాను. ఎక్కడైనా తప్పు పలికితే ఎప్పటిలా ముఖం చిట్లించు. సరిచేసుకుంటాను.

ఏ రోజు రైలు దిగుతానో తర్వాత రాస్తాను.

నీ అలీడా