దగ్గి చెప్పు నాయనా

తొరపాడి, వేలూరు,
ఆదివారం.

నాయనకు, నీ పెద్దకూతురు సుగుణ దండాలు పెట్టి రాసే ఉత్తరం. నేనిక్కడ బాగున్నాను. నువ్వు, అమ్మ, తమ్ముడు బాగున్నారని తలుస్తాను. నీ గజ్జల్లో వాపు సంగతి మాత్రం తలిస్తే చాలదు, తెలియాలి. ఫోనులో అడిగితే "బాగుండాను" అని అమ్మ చేతికి ఇచ్చేస్తావు. అందుకే నువ్వు నేర్పిన తెలుగులో ఈ కాగితం.

గుడియాత్తం నుంచి వేలూరు గంట ప్రయాణమే. అయినా ఈ డ్యూటీలతో దూరదేశం వచ్చినట్టే ఉంది. గోడ ముట్టుకుంటే చెయ్యి కాలే ఎండ. హాస్టల్లో మూడుపూటలా ఒకటే సాంబారు, పేర్లే వేరు. సాయంత్రం గదికొస్తే నీ మగ్గం చప్పుడు లేక ఏమీ తోచదు. కానీ బాగున్నాను, దిగులు పడొద్దు.

నా పనేమిటని అడిగావు కదా. హెర్నియా, అంటే నీకున్నలాంటి వాపు, ఆపరేషనుకు వచ్చినవాళ్ళకు నడుములో మత్తుసూది వేస్తారు. ఒకే మందు వేస్తే చాలా, ఇంకొకటి కలిపితే తర్వాత నొప్పి తగ్గుతుందా అని మా డాక్టరమ్మ పరిశోధన చేస్తున్నారు. ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్ళ మీదే. ఎవరికి ఏది వేశారో నాకు చెప్పరు, తెలిస్తే నా మనసు ఒకవైపు మొగ్గుతుందట. ఆపరేషనయ్యాక నొప్పి సున్నా నుంచి పదిలోపల ఎంతో అడిగి రాయడం నా పని. పడుకుని ఉండగా ఒకసారి అడగాలి, దగ్గించి ఒకసారి అడగాలి.

అక్కడే తప్పు చేశాను. కోసిన పొట్టతో ఉన్న మనిషిని దగ్గమనడానికి నాకు నోరు రాలేదు. మన వైపువాళ్ళేమో పడుకుని ఉండగా అడిగితే అందరూ సున్నా అనేవారు. పేర్ణాంబట్టులో తోళ్ళ పని చేసే పెద్దాయన ఒకాయన నాకే నచ్చజెప్పాడు. "ఆయమ్మ అంత బాగా సూది ఏసినాది. నొప్పుండాదంటే ఆమెకు చెడ్డపేరు రాదా తల్లీ?" నేనూ సరేనని దగ్గు గడిలో కూడా సున్నాలే వేసుకుంటూ పోయాను.

డాక్టరమ్మ ఆ కాగితాలు చూసి మురిసిపోలేదు. సున్నాలైతే ఆమెకే పేరు కదా! నేరుగా ఆ పెద్దాయన మంచం దగ్గరికి వచ్చి, పొట్ట మీద దిండు పెట్టి, పక్కన కూర్చుని దగ్గమన్నారు. ఆయన దగ్గి, పళ్ళు బిగించి, ఎనిమిది వేళ్ళు చూపించాడు. వెంటనే నొప్పికి మందు ఇప్పించారు.

నన్ను కేకలేస్తారనుకున్నాను. ఆమె నా సున్నాల మీద గీత కొట్టించి, పక్కన 'అడగలేదు' అని నాచేతే రాయించి, కింద తానూ సంతకం పెట్టి పైవాళ్ళకు తెలియజేశారు. "అడగనిది సున్నా కాదమ్మా. దాచుకునేవాళ్ళని అడిగే తీరులో అడగాల," అన్నారు. తన పనికే నష్టమని తెలిసీ అలా చేసిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఆమె దగ్గర పనిచేయడం నా అదృష్టం నాయనా.

ఆ పెద్దాయన వేళ్ళు చూపిస్తుంటే నువ్వే గుర్తొచ్చావు. మత్తిస్తే మళ్ళీ లేస్తానో లేదోనని నీ భయం, నాకు తెలుసు. మత్తు నడుము కిందికే. మెలకువగా ఆమెతో మాట్లాడుతూ ఉండొచ్చు. ఆపరేషనుకు వస్తే నేను పక్కనే ఉంటాను. వాపు ముదిరి లోపల పేగు మెలిపడితే మాత్రం ప్రాణానికే ముప్పు.

తమ్ముడు వస్తే చింతకాయ పచ్చడి, నువ్వు నేసిన పాత లుంగీ ఒకటి పంపు, కప్పుకోవడానికి. అవ్వకు నా దండాలు చెప్పు.

ఇంట్లో తెలుగు చదవడం వచ్చినవాడివి నువ్వొక్కడివే. నచ్చని వరుసలు దాటేసి అమ్మకు చదివి వినిపిస్తావని నాకు తెలుసు. అందుకే చివర ఏముందో ఆమెకు ఫోనులో ముందే చెప్పేశాను. ఈపాటికి నీ ఎదురుగానే కూర్చుని ఉంటుంది. నువ్వు చూపించే వేళ్ళు ఎన్నో ఆమె లెక్కపెట్టి నాకు చెబుతుంది.

నీ కాళ్ళకు మొక్కుతున్నాను. దీవెన తర్వాత ఇద్దువుగాని, ముందు దగ్గు.

నీ కూతురు,
సుగుణ