పోటు రోజున బస్సు

నాన్నా, నేను ఇక్కడ కులాసాగా ఉన్నాను. ఈ ఊరి రోడ్లకు భయపడి చెల్లిని కాలేజీకి పంపనంటున్నారట, అందుకే ఈ ముక్క రాస్తున్నాను. నిన్న సముద్రం పోటెక్కి ఒడ్డు రోడ్డు మునిగింది. మా బస్సు నీళ్లకు ఇవతల ఆగితే, ఎదురు బస్సు అవతల ఆగింది. మా బస్సువాళ్లు గట్టు మీదుగా నడిచి ఆ బస్సెక్కారు, ఆ బస్సువాళ్లు మా బస్సెక్కారు. పాత టికెట్టే చెల్లుతుంది. పోటు రోజుల్లో ఇక్కడ ఇదే పద్ధతట. అది తెలియక నేనొక్కదాన్నే బుద్ధిగా కూర్చున్నాను.

"ఏమ్మా, ఆఫీసు మీద అలిగావా? బండి మళ్లీ మీ ఇంటివైపే పోతోంది" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. చేపల గంపతో అందరికంటే చివర దిగుతున్న అవ్వ మాత్రం "నా రెక్క పట్టుకో తల్లీ" అని నన్ను గట్టు దాటించింది. అంతమందిలో ఒక్కరూ తోసుకోలేదు. ఆఫీసుకు వేళకే చేరాను. ఇంత పెద్ద ఊరు ఇంత నెమ్మదిగా సర్దుకోవడం చూస్తే ముచ్చటేసింది.

అమ్మ మోకాలు ఎలా ఉంది? నా గొడుగు ఎవరిచేతనైనా పంపండి. చెల్లిని కూడా పంపండి నాన్నా, దారి అలవాటయ్యేదాకా నేనే దాని వెంట వెళ్తాను. ఈ ముక్క మీకు చదివి వినిపించేది అదే కదా. ఇక్కడికొచ్చేసరికి అది తడబడితే కసరకుండా మళ్లీ చదివించుకోండి. అమ్మకూ నానమ్మకూ నా దండాలు.

మీ పెద్దమ్మాయి