బైబిలు పక్కన నీ ఫోటో

అమ్మా,

నువ్వు ప్రభువు దగ్గరికి పోయి నేటికి ఏడాది. ఈ ఏడాదంతా బైబిలు పక్కన నీ ఫోటో పెట్టుకుని, పొద్దున్నే నీకే అన్నీ చెప్పుకుని మగ్గం మీద కూర్చున్నాను. ప్రార్థన ఎప్పుడు మానేశానో నాకే తెలియలేదు.

ఇవాళ మన ఇంట్లో జరిగిన నీ జ్ఞాపకార్థ కూడికలో నా బిడ్డ ఆ ఫోటోకే చేతులు జోడించింది. "అవ్వా, మా మేక జల్ది ఈనెటట్టు చెయ్యి, ఆమెన్!"

సంఘమంతా నవ్వింది. రోజూ నేను చేసేదే అది చేసింది. ఫోటోకు దండ వేస్తేనే విగ్రహమవుతుంది అనుకున్నాను కదమ్మా!

నేనూ నవ్వుతూనే నీ ఫోటో తీసి మగ్గం ఎదుటి గోడకు తగిలించాను. "అవ్వను గాదు బిడ్డా, దేవుణ్ణి అడగాలె" అన్నాను.

అది మళ్లీ కళ్లు మూసుకుంది. "దేవా, మా అవ్వ మంచిగున్నదా?"

ఏడాదిగా ప్రార్థన మరిచిన నేనూ ఆయన్ని అదే అడిగాను.