ఏసీ వేయకుండా రండి

ఏమండీ,

ఫోన్ చేస్తే మీ ఫోను ఫ్రిజ్ మీదనే మోగింది. మీ చెల్లె స్వరూపకు నొప్పులు ముందే మొదలైనయి. ఖాలిక్ భాయ్ ఆటోల మేడ్చల్ ఆస్పత్రికి తీస్కపోతున్న. రక్తం అవసరం పడొచ్చన్నరు. ఆమె గ్రూపు ఇంట్ల మీకొక్కరికే ఉంది, జల్దీ రండి.

స్కూటరు పంక్చరైంది, మీ పాత స్పోర్ట్స్ కారే దిక్కు. ఏసీ మాత్రం వేయకండి. మొన్న వేస్తే తూంకుంట దగ్గర ఇంజను ఉడికి ఆగిపోయింది, చల్లబడ్డది మన మోకాళ్ళే. దసరా పూజకు అత్తమ్మ కారు ముందు జాలికి కట్టిన బంతిపూల దండ కూడా తీసేయండి, రేడియేటరుకు గాలి తగలాలె. తిడితే నా పేరు చెప్పండి.

స్వరూప నా చెయ్యి వదుల్తలేదు. నాకూ భయంగనే ఉంది.

మళ్ళీ ఒక మాట: ఏసీ విషయంల మిమ్మల్ని నమ్మలేక దాని ఫ్యూజు పీకి పర్సుల వేసుకున్న. కోపం రక్తమిచ్చినంక తెచ్చుకోండి.