ఫోటోలోని అన్న కిస్తీ

అక్కా,

మన వంశ గౌరవాన్ని మంటగలిపిన ఈ తమ్ముణ్ణి క్షమించు. రెండేళ్ల ఏసీ మెకానిక్ కోర్సులో చేరేముందు జీతమెంత, అప్పెంత అని అడిగే పాపానికి ఒడిగట్టాను.

ఏసీల కాలేజీ ఆఫీసులో ఏసీ చెడిపోయి ఫ్యాను తిరుగుతోంది. అక్కడే అనుమానం మొదలైంది. గోడ మీద ఉద్యోగం సంపాదించిన పాత విద్యార్థి ఫోటో ఉంది. ఆ ఫోటోలోని అన్నే బల్ల వెనక కూర్చుని నన్ను చేర్చుకుంటున్నాడు!

"ఉద్యోగం ఎక్కడొచ్చిందన్నా?"

"ఇక్కడే."

"మరి చదువుకోసం చేసిన అప్పు తీరిందా?"

అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "జీతంలో సగం పైనే కిస్తీకి పోతుంది తమ్ముడూ. ఎవర్నైనా చేర్పిస్తే కమీషనొచ్చి ఆ నెల కాస్త ఊపిరాడుతుంది."

నాన్న బ్యాంకులో హామీ సంతకం పెట్టలేదు కదా? పెట్టనివ్వకు. నా నీలం చొక్కా పంపు. బావ ఈ కాలేజీని అంతగా ఎందుకు పొగిడాడో, ఏమైనా ముట్టిందేమో మెల్లగా ఆరా తియ్యి. ఈ కార్డు ఆయన కంట పడనీకు. చంటిదానికి ముద్దులు.

నేను చేరలేదు. చేసిందల్లా ఒక్కటే. ఇంకొకరి పేరు చెప్పందే ఆ అన్న నన్ను వదల్లేదు, బావ పేరూ చిరునామా రాసిచ్చాను. ఆదివారం కాలేజీవాళ్లు ఆయన్ని చేర్చుకోడానికి వస్తారట, బావని బయటికి పోనివ్వకు.

నీ తమ్ముడు