ఏరి పక్కకు పెట్టుడు

1949, మాఘమాసం, బుధవారం.

మనుమరాలు శాంతమ్మను మిర్యాలగూడ దవాఖాన డాక్టరమ్మ నర్సు చదువుకు సెలెక్ట్ చేసిందట. పట్నం పోవాలె. పంపనని నిన్ననే చెప్పిన.

ఇయ్యాల చేన్ల విత్తనానికి జొన్న కంకులు ఏరుతుంటే బడిపంతులు వచ్చిండు. "సెలెక్ట్ అంటే ఏంది పంతులూ?" అని అడిగిన. ఇంగ్లీషుకన్న పాతదైన లాటిన్ భాషల నుంచి వచ్చిన మాటట. ఏరి పక్కకు పెట్టుడట.

"నువ్వు చేసే పనే తాతా," అని నవ్విండు.

"నేను గింజ పిసికి చూసి ఏరుత. ఆమె ఏం చూసి ఏరింది?"

"నీ చిన్నకోడలు కాన్పప్పుడు రెండు దినాలు నిద్ర లేకుంట పక్కన నిలబడ్డ పిల్లను చూసింది."

ఆ రెండు దినాలు నేను దవాఖాన బయట కూసొని చుట్టలు కాల్చిన.

ఇంటికొచ్చి శాంతమ్మతోని, "పోతె పో. ఏడ్చుకుంట తిరిగొస్తే మాత్రం గడప తొక్కనియ్య," అన్న.

"నేనేడ్వ తాతా. నువ్వే ఏడ్వకు," అనుకుంట ట్రంకుపెట్టె సర్దుడు మొదలుపెట్టింది.

ఏరుడు నాకు ఎరుకే. ఏరినంక పక్కకు పెట్టుడే...

పట్నంల చలి ఎట్లుంటదో. నా గొంగడి పెట్టెల పెట్టిన. తీసేసింది. మల్ల పెట్టిన.